చేతిపని నేర్చుకుని మళ్లీ నిలదొక్కుకోవాలనుకునే అమ్మలకు: తరచుగా అడిగే ప్రశ్నలు (తిరుపతి, చిత్తూరు జిల్లాలు)

శిక్షణ గురించి కనుక్కోవడానికి వచ్చే అమ్మలు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. పొద్దున ఒకరికి చెప్పిన జవాబే సాయంత్రం ఇంకొకరికి ఫోన్లో చెప్పాల్సి వస్తోంది, అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. భర్త పోయినవాళ్లు, వదిలేయబడినవాళ్లు, తాగుడు వల్ల ఇల్లు అప్పులపాలైనవాళ్లు, పిల్లల కోసం ఎనిమిదేళ్లు ఇంట్లోనే ఉండిపోయి ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు, వీళ్లందరి ప్రశ్నలూ ఉన్నాయి. వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. పథకాల షరతులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో ఒకమాట అడగండి.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

రేపటికి బియ్యం లేని ఇంట్లో శిక్షణ అంటూ కూర్చుంటే ఎలా? ఏదో ఒక పనికి పోతే సరిపోదా?

రేపటికి బియ్యం లేకపోతే ముందు పనికే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ పనిలోనే ఏళ్లు గడిచిపోకుండా చూసుకోండి. హోటల్లో అంట్లు తోమినా, లాడ్జిలో గదులు ఊడ్చినా, చింతపండు కొట్టి గింజ తీసినా, ఐదేళ్ల తర్వాత మీకిచ్చే కూలికీ నిన్న చేరినామెకిచ్చే కూలికీ పెద్ద తేడా ఉండదు, ఒంట్లో బాగోలేని రోజు అదీ లేదు. చేతిలో పని ఉన్నామెకి ఏడాది తిరిగేసరికి వేగం పెరుగుతుంది, ఆమెను వెతుక్కుంటూ వచ్చే మనుషులు పెరుగుతారు, రేటు అడిగే ధైర్యం వస్తుంది.

అన్ని శిక్షణలూ నెలల తరబడి ఉండవు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో (అందరూ ఆర్‌సెటి అంటారు) పాడి పశువుల కోర్సు పది రోజులే, టైలరింగ్, బ్యూటీపార్లర్ లాంటివి నెల రోజులకు అటూ ఇటూ. భోజనం, వసతి కూడా వాళ్లే పెడతారు. ఈ పద్ధతి 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైంది, దాని అసలు ఉద్దేశం తక్కువ రోజుల్లో నేర్పి ఆ తర్వాత రెండేళ్లపాటు మనిషిని వదలకుండా చూసుకోవడం. ఆ రెండో భాగం చాలామందికి తెలియక అడగరు. మీరు అడగండి.

మా ఆయన పోయి ఆరు నెలలైంది, ఇద్దరు పిల్లలు. దేనితో మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు.

శిక్షణతో మొదలుపెట్టకండి. మొదట మరణ ధ్రువీకరణ పత్రం, దాంతో సచివాలయంలో వితంతు పింఛనుకు దరఖాస్తు. ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు వస్తుంది. ఆ తర్వాత మీ ఒక్కరి పేరు మీద బ్యాంకు ఖాతా, ఆధార్‌లో మీ సొంత ఫోన్ నంబరు. చాలామందికి ఆధార్‌లో భర్త నంబరే ఉంటుంది, ఆ సిమ్ ఆగిపోయాక ఓటీపీ రాక ప్రతి దరఖాస్తూ అక్కడే ఆగుతుంది.

పేరు కూడా చూసుకోండి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటే ముందే సరిచేయించుకోండి. ఈ పనులకే నెల పడుతుంది, ఆ నెలలో మనసు కూడా కాస్త కుదుటపడుతుంది. భర్త బతికే ఉండి వదిలేసిన వాళ్లకైతే ఒంటరి మహిళ పింఛను వేరుగా ఉంది, దానికి వయసు షరతులున్నాయి, సచివాలయంలో సంక్షేమ సహాయకుల్ని అడగండి.

ఐదో తరగతిలోనే మానేశాను. నన్ను తీసుకుంటారా?

తీసుకుంటారు. ఆర్‌సెటిలో చాలా కోర్సులకు చదవడం, రాయడం వస్తే చాలు. టైలరింగ్‌కి కొలతలు రాసుకునేంత లెక్క రావాలి, అంతే. ఆసుపత్రి సహాయకురాలి కోర్సుకీ, కంప్యూటర్ కోర్సుకీ సాధారణంగా పది అడుగుతారు.

పది లేదని బాధగా ఉంటే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా నేరుగా పదో తరగతి రాయొచ్చు. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. పగలు పని చేసుకుంటూ సెలవు రోజుల్లో క్లాసులకు పోయి పాసైన అమ్మలు ఉన్నారు. పది పాసైన కాగితం ఒక్కటి చేతికొస్తే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో నేను చూశాను, కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

నాకు 42. వయసు దాటిపోయిందా?

లేదు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే కేంద్ర శిక్షణ పథకంలో మామూలుగా 35 ఏళ్ల దాకా అంటారు గానీ ఆడవాళ్లకి 45 దాకా సడలింపు ఉంది. ఆర్‌సెటిలో సాధారణంగా 18 నుంచి 45. ఐటీఐకి పై వయసు పరిమితే లేదు. ఫ్యాక్టరీలు మాత్రం చిన్నవాళ్లనే ఎక్కువగా తీసుకుంటాయి, కాబట్టి నలభై దాటినవాళ్లు సొంతంగా చేసుకునే పని వైపు ఆలోచించడం మంచిది.

పిల్లల్ని ఎవరు చూస్తారు? నాకు ఎవరూ లేరు.

మానేసే అమ్మల్లో ఎక్కువమంది మానేసేది దీనివల్లే. పని రాక మానేసినవాళ్లని నేను పెద్దగా చూడలేదు, చంటిబిడ్డకి జ్వరం వచ్చి నాలుగు రోజులు పోలేక, ఐదో రోజు మొహం చెల్లక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. అందుకే కోర్సు ఏదని అడిగే ముందే క్లాసు ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి అయిపోతుందో అడగండి.

మూడేళ్లు నిండిన పిల్లలైతే అంగన్‌వాడీలో ప్రీస్కూలు, మధ్యాహ్న భోజనం ఉంటాయి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్రం 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీల్లోనే శిశు సంరక్షణ కేంద్రాలు పెడుతోంది. అవి అన్ని చోట్లా లేవు, మీ దగ్గర ఉందో లేదో అంగన్‌వాడీ టీచరమ్మకి తెలుస్తుంది. ఇంకో దారి, అదే బ్యాచ్‌లో చిన్న పిల్లలున్న ఇంకో ఇద్దరు అమ్మలతో కలిసి వీధిలో ఒక అవ్వకి నెలకింత అని ఇచ్చి అందరి పిల్లల్నీ ఆమె దగ్గర ఉంచడం. తిరుపతిలో కొర్లగుంట, జీవకోన లాంటి చోట్ల ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇది కుదురుతుంది.

హాస్టల్లో ఉంచి నేర్పే కోర్సులు పాలు తాగే బిడ్డ ఉన్న తల్లికి కుదరవు. పగటి బ్యాచ్ ఉందా అని అడగండి, లేకపోతే ఆరు నెలలు ఆగండి. బిడ్డని వదిలేసి వెళ్లి అక్కడ ఏడుస్తూ కూర్చుంటే పని తలకెక్కదు.

ఉచితం అంటున్నారు కదా, మరి మధ్యలో ఒకాయన ఐదు వేలు కట్టమంటున్నాడు?

కట్టకండి. ప్రభుత్వ పథకాల కింద జరిగే శిక్షణకి మీరు రూపాయి కూడా కట్టక్కర్లేదు. శ్రీసిటీలో ఉద్యోగం, యూనిఫారానికి డిపాజిట్ అని అడిగేవాళ్లకీ అదే జవాబు.

## ఏ పని నేర్చుకోవాలి

అందరూ టైలరింగే నేర్చుకోమంటున్నారు. అదే చేయనా?

అందరూ అంటున్నారు కాబట్టే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. టైలరింగ్ మంచి పనే, ఇంట్లో ఉండి చేసుకోవచ్చు, పిల్లలు కళ్లముందే ఉంటారు. కానీ ఇప్పుడు వీధికి ముగ్గురు కుడుతున్నారు, మామూలు జాకెట్టు కుట్టడం ఒక్కటే వస్తే నాలుగో మనిషికి గిరాకీ దొరకదు.

చేరే ముందు ఒక పని చేయండి. మీ ఇంటి చుట్టుపక్కల కుట్టే ఇద్దరు ముగ్గురి దగ్గరికి పెళ్లిళ్ల సీజన్లో ఒక జాకెట్టు గుడ్డ పట్టుకెళ్లి ఎన్ని రోజులకిస్తారని అడగండి. పది రోజులకు పైన చెప్పారంటే మీకు చోటుంది. రేపే ఇచ్చేస్తామన్నారంటే వాళ్లకే పని లేదు. ఆ తర్వాత వాళ్లు చేయలేమని తిప్పి పంపేది ఏమిటో కనుక్కోండి. కొన్ని చోట్ల మగ్గం వర్క్, కొన్ని చోట్ల పిల్లల పట్టు పావడాలు, కొన్ని చోట్ల పాత బట్టలు బిగించడం, వదులు చేయడం. తిప్పి పంపిన ఆ పనిలోనే మీ సంపాదన ఉంటుంది.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టడం పూర్తిగా వేరే పని, అది కూడా చాలామందికి తెలియదు. అక్కడ పవర్ మిషన్ మీద రోజంతా ఒక్క కాలరో, ఒక్క జేబో కుడతారు, వేగమే ముఖ్యం. ఇంటి మిషన్ మీద నేర్చుకుని అక్కడికి వెళ్తే మొదటి వారం భయమేస్తుంది. మీకు ఫ్యాక్టరీ ఉద్దేశం ఉంటే పవర్ మిషన్ల మీద నేర్పే కేంద్రంలోనే చేరండి.

తిరుపతి, చిత్తూరు వైపు నిజంగా పని దొరికేవి ఏవి?

తిరుపతిలో అన్నింటికీ మూలం వచ్చే యాత్రికులు. హోటళ్లు, అతిథి గృహాలు ఏడాది పొడవునా నడుస్తాయి కాబట్టి హౌస్‌కీపింగ్ నేర్చుకున్నామెకి ఏడాదంతా పని ఉంటుంది. రుయా, స్విమ్స్, వాటి చుట్టూ పుట్టిన ప్రైవేటు ఆసుపత్రుల వల్ల రోగి సహాయకుల అవసరం ఎప్పుడూ ఉంది. ఆసుపత్రి ఉద్యోగం దొరకకపోయినా మంచాన పడ్డ పెద్దవాళ్లని ఇంట్లో చూసుకునే మనిషి కోసం అడిగే కుటుంబాలు ఎక్కువ, శిక్షణ ఉన్నామెకి రెట్టింపు గౌరవం ఇస్తారు. తిరుచానూరు చుట్టూ పెళ్లిళ్లు ఎక్కువ, అందుకే పెళ్లికూతురి అలంకరణ, పూలజడలు నేర్చుకున్నవాళ్లకి ముహూర్తాలున్న నెలల్లో ఊపిరాడదు, మూఢాల్లో చేతిలో పైసా ఉండదు. ఆ ఎత్తుపల్లాలకి సిద్ధపడాలి.

పూలు కట్టడం ఇక్కడ ఎందరో ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య, దాన్ని ఎవరూ విద్యగా లెక్కపెట్టరు. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మాలలు కట్టేవాళ్లు కూడా ఉన్నారు. దర్జీలు, చాకలివాళ్లు, బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్లూ ఉన్నారు. ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లకే అది, కుటుంబానికి ఒక్కరికే.

రేణిగుంట ఎలక్ట్రానిక్స్ పార్కులో, శ్రీసిటీ ఫోన్ల ఫ్యాక్టరీలో, తడ దగ్గర బూట్ల ఫ్యాక్టరీలో ఆడవాళ్లే ఎక్కువగా పనిచేస్తారు. చిత్తూరు వైపు తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పని వేసవిలో కొన్ని నెలలే, దాని మీదే ఆధారపడకండి. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలున్నాయి గానీ కొత్తగా నేర్చుకోమని నేను చెప్పను, ఉన్నవాళ్లకే పని సరిగా దొరకట్లేదు.

శ్రీకాళహస్తి కలంకారీ నేర్చుకుంటే బతకగలమా?

బతకొచ్చు, కానీ తొందర ఉన్నవాళ్లకి కాదు. మచిలీపట్నంలో దిమ్మలతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తోనే గీస్తారు. బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి, లేకపోతే గీత పక్కకి పాకుతుంది. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము రోజుల తరబడి నానబెడితే వచ్చే నీళ్లతో నల్ల గీత వేస్తారు. ఎరుపు రావాలంటే ముందు పటిక పట్టించాలి. ఒక్కో రంగు తర్వాత పారే నీళ్లలో ఉతకాలి, ఎండబెట్టాలి. ఒక చీర వారాల పని.

బొమ్మ గీసే చెయ్యి రావడానికి ఏడాది పైనే పడుతుంది. కాబట్టి మొదట చాలామంది అమ్మలు రంగులు నింపే పనితో చేరతారు, అది కొన్ని వారాల్లో వస్తుంది, ఇంటికి తెచ్చుకుని చేసుకోవచ్చు, కాకపోతే ముక్కకింత అని ఇచ్చే కూలి తక్కువ. అక్కడే ఆగిపోతే కష్టం మీది, లాభం ఇంకొకరిది. గీయడం కూడా నేర్చుకుంటేనే ఇది జీవనాధారం అవుతుంది. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో కలంకారీ కోర్సు ఉంది, అది పూర్తికాలం చదవగలిగినవాళ్లకి. మిగతావాళ్లు శ్రీకాళహస్తిలోనే ఒక కళాకారుడి ఇంట్లో కూర్చుని నేర్చుకోవడం మేలు.

దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పనికే చెందుతుందన్న గుర్తింపు) ఉంది, అయినా స్క్రీన్ ప్రింట్ వేసిన బట్టని కలంకారీ అని సగం ధరకి అమ్ముతున్నారు. కొనేవాళ్లకి తేడా చూపించి చెప్పడం కూడా మీ పనిలో భాగమే. బట్ట వెనక్కి తిప్పి రంగు లోపలికి ఇంకిందో లేదో చూపించండి.

మాకు రెండు ఆవులున్నాయి. వాటితోనే ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు, చిత్తూరు జిల్లా పల్లెల్లో అదే తెలివైన పని. ఆర్‌సెటిలో పాడి మీద పది రోజుల శిక్షణ తీసుకోండి, మేత, పొదుగువాపు, ఎద గుర్తించడం, వెన్న శాతం లెక్క చెబుతారు. తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో సభ్యులంతా ఆడవాళ్లే, పాల డబ్బు నేరుగా సభ్యురాలి ఖాతాలో పడుతుంది. ఆవు భర్త పేరు మీద ఉన్నా పాల డబ్బు మీ ఖాతాలో పడితే ఇంట్లో మీ మాట మారుతుంది.

## శిక్షణ నడుస్తున్నప్పుడు

అత్తమ్మ వద్దంటోంది, మా ఆయన ఏమీ మాట్లాడడు. ఎలా ఒప్పించాలి?

మొదటి రోజు అత్తమ్మని వెంట తీసుకెళ్లండి. ఎక్కడ కూర్చుంటారు, ఎవరు నేర్పుతారు, ఎవరెవరు వస్తున్నారు అన్నది కళ్లతో చూస్తే సగం భయం పోతుంది. నెలకి ఇంత సంపాదిస్తానని మాట ఇవ్వకండి, అది ఆలస్యమైతే మీ మీదే దెప్పుతారు. క్లాసు గంటలు, ఇంటి పని గంటలు చెప్పండి చాలు.

వద్దనడం వేరు, చెయ్యి చేసుకోవడం వేరు. కొడుతుంటే, బయటికి పోనివ్వకుండా తలుపేస్తుంటే అది నచ్చజెప్పే విషయం కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పగలైనా రాత్రైనా తీస్తారు, సఖి కేంద్రంలో ఆశ్రయం, వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. అక్కడి నుంచే శిక్షణకి పంపించిన సందర్భాలూ ఉన్నాయి.

క్లాసులో అందరూ ఇరవై ఏళ్ల పిల్లలు. నాకు సిగ్గుగా ఉంది.

మొదటి వారమే. ఆ తర్వాత వాళ్లే మిమ్మల్ని అక్కా అని పిలుస్తూ పక్కన కూర్చుంటారు. సమయానికి రావడం, వచ్చిన మనిషితో మర్యాదగా మాట్లాడటం, డబ్బు లెక్క చూడటం మీకు ఇప్పటికే వచ్చు, ఆ పిల్లలకి అవింకా రావాలి. ఇల్లు నడిపినామెకి దుకాణం నడపడం సగం తెలిసినట్టే.

స్టైపెండ్ ఇస్తారా? రోజూ బస్సు చార్జీలు ఎక్కడి నుంచి తేను?

పీఎం విశ్వకర్మలో శిక్షణ ఉన్నన్ని రోజులూ రోజుకు 500 రూపాయలు ఇస్తారు, ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు. ఆర్‌సెటిలో డబ్బు ఉండదు, తిండీ వసతీ ఉంటాయి. బస్సుకైతే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఇది వచ్చాక పలమనేరు, పుత్తూరు, చంద్రగిరి పల్లెల నుంచి రోజూ వచ్చి నేర్చుకోవడం చాలామందికి వీలైంది.

నేర్పే చోట ఒకాయన ప్రవర్తన బాగోలేదు. చెబితే కోర్సు పోతుందేమో?

భయపడి ఊరుకోకండి. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా వచ్చిన 2013 చట్టం శిక్షణ సంస్థలకీ వర్తిస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, లేని చోట జిల్లా స్థానిక కమిటీకి రాసి ఇవ్వొచ్చు. జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి, కాబట్టి తేదీ, సమయం, చూసినవాళ్ల పేర్లు ఆ రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి. రాయడం రాకపోతే రాయించి సహాయం చేసే బాధ్యత కమిటీదే.

మధ్యలో మానేస్తే మళ్లీ చేరనిస్తారా?

కారణం చెప్పి మానేస్తే చాలా చోట్ల తర్వాతి బ్యాచ్‌లో తీసుకుంటారు. చెప్పకుండా మానేయకండి. ఒక్క ఫోన్ చేయండి.

## సర్టిఫికెట్ చేతికొచ్చాక

సర్టిఫికెట్ వచ్చి మూడు నెలలైంది, పని మాత్రం లేదు. నేర్చుకున్నదంతా వృథానా?

వృథా కాదు, కానీ శిక్షణ ఇచ్చేవాళ్లు ఎవరూ ముందుగా చెప్పని కాలం ఇదే. సర్టిఫికెట్ వచ్చిన రోజుకీ నెలనెలా నమ్మకంగా డబ్బు వచ్చే రోజుకీ మధ్య మూడు నుంచి ఆరు నెలలు గడుస్తాయి, అమ్మలు ఎక్కువగా టెన్షన్ పడి వెనక్కి కూలికి పోయేది అప్పుడే. నా మాట వింటే, కోర్సులో చేరిన రోజే ఈ కాలం గురించి ఆలోచించుకోవాలి. పాత కూలి పని పూర్తిగా మానేయకుండా సగం రోజు పెట్టుకోండి, మిగతా సగం కొత్త పనికి.

ఇంట్లో కూర్చుంటే పని రాదు. టైలరింగ్ అయితే బడి తెరిచే ముందు జూన్లో యూనిఫారాల కోసం, దసరాకీ సంక్రాంతికీ ముందు జాకెట్ల కోసం పని పొంగిపోతున్న టైలరు దగ్గరికి వెళ్లి కాజాలు, హెమ్మింగ్, ఫాల్ కుట్టడం తెచ్చుకోండి. కూలి తక్కువైనా చెయ్యి ఆగదు, మీ పనితనం నలుగురికీ తెలుస్తుంది. బ్యూటీ కోర్సు అయితే చుట్టాల పెళ్లిలో ఒకసారి ఉచితంగా చేసి ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి, రెండోసారి ఉచితంగా చేయకండి. రోగి సహాయకులైతే నేర్చుకున్న ఆసుపత్రిలో వార్డు సిస్టర్లతో పరిచయం వదులుకోకండి, డిశ్చార్జి అయ్యే రోగి ఇంటివాళ్లు మొదట అడిగేది వాళ్లనే.

శిక్షణ ఇచ్చిన సంస్థకి కూడా ఫోన్ చేస్తూ ఉండండి. ఉద్యోగం చూపించే షరతుతో నడిచే కోర్సు అయితే చూపించడం వాళ్ల బాధ్యత, మీరు దయ అడగట్లేదు.

ఫ్యాక్టరీ ఉద్యోగమా, ఇంట్లోనే సొంత పనా? ఏది మంచిది?

పిల్లలు బడికి పోయే వయసొచ్చి, ఇంట్లో ఒక పెద్దమనిషి ఉంటే ఫ్యాక్టరీ మంచిది. నెలకింత అని ఖాయంగా వస్తుంది, పీఎఫ్ ఉంటుంది, జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ కింద మీకూ పిల్లలకూ వైద్యం ఉచితం. ఒంటరి తల్లికి ఆ ఈఎస్ఐ కార్డు విలువ జీతంలో సగంతో సమానం అని నేననుకుంటాను, ఎందుకంటే ఒక్క ఆసుపత్రి బిల్లుతోనే చాలా ఇళ్లు అప్పుల్లో పడ్డాయి. చేరే ముందు రాత్రి షిఫ్టు ఉందా, కంపెనీ బస్సు మీ ఊరి దాకా వస్తుందా అని అడగండి. 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని చట్టం చెబుతోంది, అదీ అడగండి.

పిల్లలు మరీ చిన్నవాళ్లైతే, లేదా మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే ఇంటి పనే.

మిషన్ కొనాలి, పూచీకత్తు పెట్టడానికి ఏమీ లేదు. లోన్ ఎవరిస్తారు?

మొదట డ్వాక్రా గ్రూపులో చేరండి. ఆ గ్రూపుల్ని చూసే ప్రభుత్వ సంస్థలు పల్లెలో వెలుగు, పట్నంలో మెప్మా. గ్రూపు అంతర్గత అప్పు, గ్రూపుల కోసమే ఉన్న స్త్రీనిధి సంస్థ అప్పు అన్నింటికన్నా తక్కువ భారం. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రలో, శిశు అనే రకం కింద 50,000 దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు. దర్జీ పని ఇప్పటికే చేస్తున్నవాళ్లకి పీఎం విశ్వకర్మలో 15,000 విలువైన పనిముట్ల వోచరు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తీర్చాక రెండు లక్షల దాకా అప్పు ఉంటాయి.

పెద్దగా పెట్టాలనుకుంటే, కొత్త యూనిట్లకు సబ్సిడీతో అప్పిచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో ఆడవాళ్లకి పట్నంలో 25, పల్లెలో 35 శాతం సబ్సిడీ, మీరు పెట్టాల్సింది 5 శాతం. ఆ సబ్సిడీ డబ్బు చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుతారు. సబ్సిడీ వస్తే పాత అప్పు తీర్చేద్దామని లెక్క వేసుకోకండి.

వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసే ఫైనాన్స్ కంపెనీల దగ్గర మిషన్ కోసం తీసుకోవద్దు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అన్ని అప్పుల నెల కిస్తీలూ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదు. మీ లెక్క మీరే వేసుకుని, అది దాటేట్టుంటే ఎవరిస్తామన్నా వద్దనండి. గిరాకీ రాకముందే అప్పు తీసుకోకపోవడం ఇంకా మంచిది, మొదటి మూడు నెలలు పాత మిషన్ అద్దెకి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మడానికి లైసెన్సు కావాలా?

కావాలి, కష్టమేమీ కాదు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్నవాళ్లకి ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు చాలు, రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఆ నంబరు సీసా మీద ఉంటేనే దుకాణాలవాళ్లు పెట్టుకుంటారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

సంపాదన మొదలైంది, కానీ డబ్బంతా మా ఆయనే తీసుకుంటున్నాడు.

డబ్బు చేతికి రానివ్వకండి, ఖాతాకి రానివ్వండి. ఆ ఖాతాకి, ఫోన్ పేకి కలిపిన నంబరు మీ దగ్గరుండే ఫోన్‌దే అయ్యుండాలి, పిన్ నంబరు ఎవరికీ చెప్పకండి. గ్రూపు పొదుపు, పోస్టాఫీసులో నెల నెలా కట్టే రికరింగ్ డిపాజిట్ లాంటి వాటికి డబ్బు వచ్చిన రోజే పంపేయండి. మిగిలింది ఇంటికివ్వండి. దీని మీద గొడవ కొట్టడం దాకా వస్తే 181 మీ కోసమే ఉంది.

పని బాగా వస్తుంది, రేటు అడగాలంటే నోరు రాదు. ఎంత అడగాలి?

ఎదురింటామె ఎంత తీసుకుంటుందో చూసి దానికన్నా ఇరవై తగ్గించడం అందరూ చేసేదే. దానికి బదులు కాగితం మీద లెక్క వేయండి. లైనింగ్ జాకెట్టుకి లైనింగ్ గుడ్డ 70, దారం, హుక్కులు 15, కరెంటు, మిషన్ అరుగుదల 10 అనుకుందాం, మొత్తం 95. మూడు గంటలు పడుతుంది. మీరు 200 తీసుకుంటే మీ మూడు గంటలకి మిగిలేది 105, అంటే గంటకి 35 రూపాయలు. గంటకి కనీసం 60 రావాలనుకుంటే 275 అడగాలి.

ఆ లెక్క మనసులో ఉంటే నోరు దానంతటదే వస్తుంది. రేటు ఒక అట్ట మీద రాసి గోడకి తగిలించండి, బేరమాడేవాళ్లు తగ్గుతారు. దగ్గరివాళ్లకి తగ్గించాలనిపిస్తే తగ్గించండి, కానీ అరువు పెట్టకండి, బట్ట ఇచ్చేటప్పుడే డబ్బు తీసుకోండి. పాత గిరాకీవాళ్లకి ఒకేసారి 75 పెంచితే దూరమవుతారనిపిస్తే దసరాకి కొంత, సంక్రాంతికి కొంత పెంచండి. పెంచబోయే రేటు నెల ముందే చెప్పేయండి.